మెడ ఎత్తలేని మనిషి, పైన వేలాడే బోర్డులు: మర్రిగూడ నుంచి డల్లాస్ దాకా ఒక కేసు

ప్రయాణికులు ఇద్దరు, భార్యాభర్తలు. ఆయనకు 68, ఆమెకు 63. మర్రిగూడ మండలంలో ఒక పల్లె. కొడుకు డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాడు, కోడలికి నెలలు నిండుతున్నాయి, వీసాలు వచ్చేశాయి, ఇక టికెట్లు తీయాలి. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఉన్న మా ట్రావెల్ ఆఫీసుకి ఇలాంటి జంటలు వస్తూనే ఉంటారు. పిల్లలు అమెరికా నుంచి ఫోన్ చేసి "అన్నా, రేటు తక్కువది చూడు, ఒక్క స్టాపే ఉండాలె" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఈ కేసు ప్రత్యేకంగా రాయడానికి కారణం రేటూ కాదు, స్టాపూ కాదు. పెద్దాయన మెడ. రాసుకోమని వాళ్ళే చెప్పారు, పేర్లు మాత్రం రాయట్లేదు.

మర్రిగూడ, చండూరు, మునుగోడు, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ సంగతి తెలియని తెలుగువాళ్ళు ఉండరు. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ ఆ ఊళ్ళ బోర్లలో ఎన్నో రెట్లు ఉండేది, ఆ నీళ్ళే తాగి పెరిగిన తరానికి ఎముకలు గట్టిపడి, కీళ్ళ చుట్టూ ఉండే నరాల్లాంటి బంధాలు కూడా సున్నం పట్టినట్టు బిగుసుకుపోయి, వెన్ను, మెడ తిరగవు. మిషన్ భగీరథ పథకం నీళ్ళు ఇంటింటికీ వచ్చాక పిల్లల సంగతి వేరు, కానీ పెద్దవాళ్ళ ఎముకల్లో చేరింది వెనక్కి పోదు. ఈయన మంచం పట్టిన మనిషి కాదు, పొలం గట్టు మీద కర్ర పట్టుకుని నడుస్తాడు. మెడ మాత్రం పైకి లేవదు, పక్కకి తిరగదు. ఆఫీసులో కూర్చోబెట్టి "పైన ఫ్యాన్ చూడు పెద్దనాయనా" అంటే తల ఎత్తలేదు, నడుం దగ్గర్నుంచి మొత్తం వెనక్కి ఒరిగాడు. "గట్లనే సూడాలె బిడ్డా, మెడ ఆడది" అన్నాడు.

ఇప్పుడు మీరు చూసిన ఏ ఎయిర్‌పోర్టునైనా గుర్తు తెచ్చుకోండి. గేటు నంబర్లు, బాణం గుర్తులు, విమానాల టైములు చూపించే తెరలు, బ్యాగుల బెల్టు నంబరు, అన్నీ పైకప్పు నుంచి వేలాడుతుంటాయి. పసుపు మీద నలుపు అక్షరాల పద్ధతి 1967లో ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ ఎయిర్‌పోర్టుతో పేరు తెచ్చుకుంది, తర్వాత ప్రపంచంలో చాలా చోట్ల అలాంటివే పెట్టారు. పైన కట్టడానికి కారణం ఉంది, కంటి ఎత్తులో పెడితే ముందున్న జనం అడ్డం వస్తారు. కానీ ఆ లెక్కంతా తల ఎత్తగలిగే మనిషిని చూసి వేసింది.

నా వరకు ఎయిర్‌పోర్ట్ సౌకర్యం అంటే ఒకటే కొలత: కొత్త మనిషి ఎవరినీ అడగకుండా, ఆగి బిత్తర చూపులు చూడకుండా ఎంత దూరం పోగలడు, అలసిపోతే ఎంత దగ్గరలో కూర్చోగలడు. మిగతావి, అంటే షాపులు, తోటలు, జలపాతాలు, చూడటానికి బాగుంటాయి, నేను కాదనను. సింగపూర్ చాంగీలో 2019లో తెరిచిన జ్యువెల్ అనే భవనంలో 40 మీటర్ల జలపాతం ఉంది. అదే చాంగీలో టాయిలెట్ బయట ఒక చిన్న తెర ఉంటుంది, శుభ్రంగా ఉందా లేదా అని వేలితో నొక్కి చెప్పొచ్చు, బాగా లేదని నొక్కితే మనిషి వస్తాడు. నా కస్టమర్లకి జలపాతం కన్నా ఆ తెర ఎక్కువ పనికొస్తుంది.

టికెట్ తీసే ముందు

షంషాబాద్ నుంచి డల్లాస్‌కి ఒక స్టాప్ అంటే ఎక్కువగా గల్ఫ్ మీదుగానే. అబుదాబి మీద మొదట నా కన్ను పడింది, ఎందుకంటే 2014 నుంచి అక్కడ అమెరికా వాళ్ళ ఇమిగ్రేషన్ ఆఫీసు ఉంది, అమెరికా తనిఖీ మొత్తం అక్కడే అయిపోతుంది, దిగాక ఆ దేశంలోనే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వచ్చినట్టు బయటికి నడిచి వెళ్ళిపోవచ్చు. పెద్దవాళ్ళకి ఇది చాలా హాయి. చికాగోలో కొడుకు ఉండి ఉంటే కళ్ళు మూసుకుని అదే తీసేవాణ్ణి, కానీ డల్లాస్‌కి అక్కడి నుంచి నేరుగా విమానం లేదు, మళ్ళీ అమెరికాలో ఇంకో విమానం మారాలి. మారడం ఒకటి పెరిగితే అడగాల్సిన మనుషులు, దాటాల్సిన దూరం అన్నీ రెట్టింపు. వదిలేశాం.

మధ్యలో ఎంత గ్యాప్ ఉండాలన్నది రెండో ప్రశ్న. గంటన్నర గ్యాప్ ఉన్న టికెట్ చూపించాడు కొడుకు, వయసులో ఉన్నవాళ్ళకి సరిపోతుంది, కానీ వీల్‌చైర్ మనిషి విమానంలోంచి చివరన దిగుతాడు. అందరూ దిగేదాకా ఆగాలి, కుర్చీ రావాలి, మళ్ళీ సెక్యూరిటీ, అమెరికా విమానాలకి గేటు దగ్గర ఇంకోసారి తనిఖీ. తొమ్మిది గంటల గ్యాప్ ఉన్నదీ దొరికింది, రేటు బాగా తక్కువ, కానీ వంగని నడుముతో తొమ్మిది గంటలు ఇనుప కుర్చీలో కూర్చోమనడం న్యాయం కాదు. మూడున్నర గంటలదగ్గర ఆగాం.

వీల్‌చైర్ పెట్టించేటప్పుడు చాలా మంది ఏజెంట్లు ఒకే కోడ్ కొట్టేస్తారు, డబ్ల్యూసీహెచ్ఆర్. దాని అర్థం: దూరం నడవలేడు, మెట్లు మాత్రం ఎక్కగలడు. విమానం ఏరోబ్రిడ్జికి, అంటే గేటు నుంచి నేరుగా లోపలికి నడిచే వంతెనకి, ఆనకుండా దూరంగా ఆగి, బస్సులో తీసుకెళ్ళి మెట్ల దగ్గర వదిలితే ఈ కోడ్ ఉన్నవాళ్ళు ఎక్కాల్సిందే. మెట్లు ఎక్కలేనివాళ్ళకి డబ్ల్యూసీహెచ్ఎస్, సీటు దాకా కూడా నడవలేనివాళ్ళకి డబ్ల్యూసీహెచ్‌సీ. పెద్దాయనకి ఎస్ పెట్టాం, లిఫ్టు బండి తెచ్చి ఎక్కించాలి. పెద్దమ్మకి ఆర్. ఆమె "నాకెందుకు బిడ్డా, నేను నడుస్తా" అంది. అయినా పెట్టాం. 2024 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి ముంబై వచ్చిన 80 ఏళ్ళ పెద్దాయన సంగతి గుర్తుందా? భార్యాభర్తలకు ఒకే కుర్చీ వచ్చింది, ఆమెను కూర్చోబెట్టి ఆయన పక్కన నడిచాడు, ఇమిగ్రేషన్ దగ్గర కుప్పకూలాడు, బతకలేదు. విమానాల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ డీజీసీఏ ఆ ఎయిర్‌లైన్‌కి 30 లక్షల జరిమానా వేసింది. అప్పటి నుంచి జంటగా వెళ్ళే పెద్దవాళ్ళకి ఒకే కుర్చీ మా ఆఫీసులో పెట్టం. డీజీసీఏ రూల్ ప్రకారం నడక ఇబ్బంది ఉన్నవాళ్ళకి ఈ సేవ ఉచితం, 48 గంటల ముందు చెప్పాలి. మేం టికెట్ తీసిన రోజే పెడతాం, వెళ్ళే ముందు మళ్ళీ ఫోన్ చేసి రికార్డులో ఉందో లేదో అడుగుతాం. కొన్నిసార్లు ఉండదు, టైం మారినప్పుడు ఎగిరిపోతుంది.

పెద్దమ్మకి షుగర్, కాబట్టి టాయిలెట్‌కి దగ్గరగా నడవ పక్క సీటు, డయాబెటిక్ భోజనం. ఆయన సీటు విషయంలో ఒకటి ఆలోచించాల్సి వచ్చింది, మెడ తిరగదు కాబట్టి ఆమె ఎటువైపు కూర్చున్నా ఆమె ముఖం కనపడదు, మాట మాత్రం వినాలి. ఆయనకి ఎడమ చెవి బాగా వినిపిస్తుంది. ఎడమ వైపు ఆమెను పెట్టాం.

సామాను

ఇది తొందరగా చెప్పేస్తా. మటన్ పచ్చడి తీయించాం, అమెరికాలో మాంసం పదార్థాలు రానివ్వరు. కుడుకలు తీయించాం, ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, అంటుకుంటుందని 2022లో మన విమాన భద్రతా సంస్థ కౌంటర్లో ఇచ్చేసే చెకిన్ బ్యాగుల్లో నిషేధించింది. గసగసాలు అయితే ప్యాకెట్ చూడగానే నా గుండె ఆగినంత పనైంది. యూఏఈ, సౌదీ, ఖతార్‌లలో గసగసాలు మత్తు పదార్థం కిందే లెక్క, వాటితో జైల్లో పడ్డవాళ్ళు ఉన్నారు. బాలింత మసాలాకని పెట్టిందట పెద్దమ్మ. "మరి ఆడ దొరుకుతయా?" డల్లాస్‌లో మన షాపుల్లో దొరకనిది లేదని చెప్పి ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

షంషాబాద్ దాకా, షంషాబాద్‌లో

విమానం తెల్లవారుజామున. మర్రిగూడ వైపు వాళ్ళు నల్లగొండ వచ్చి, నార్కట్‌పల్లి మీదుగా విజయవాడ హైవే పట్టి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాల్సిన పనిలేదు. మాల్ ఊరు, ఇబ్రహీంపట్నం మీదుగా బొంగుళూరు దగ్గర ఔటర్ ఎక్కితే సిటీ మొహం చూడకుండా శంషాబాద్‌లో దిగుతారు. అచ్చంపేట, కల్వకుర్తి వాళ్ళకి శ్రీశైలం రోడ్డు నేరుగా తుక్కుగూడకి తెస్తుంది. మహబూబ్‌నగర్, జడ్చర్ల వాళ్ళ అదృష్టం వేరు, 44వ నంబర్ హైవే మీద సిటీ కన్నా ముందే ఎయిర్‌పోర్ట్ వస్తుంది. 2008 మార్చిలో బేగంపేట నుంచి ఇక్కడికి మారినప్పుడు సిటీ వాళ్ళు దూరమని గోల చేశారు గానీ దక్షిణ తెలంగాణకి అంత మేలు ఇంకోటి లేదు.

మనవాళ్ళతో అసలు సమస్య సాగనంపడం. ఇద్దరు వెళ్తే తుఫాన్ బండి నిండా పదకొండు మంది వస్తారు. లోపలికి టికెట్, పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళనే పంపిస్తారు, బయట బండి ఎక్కువసేపు ఆపనివ్వరు, ఆ హడావుడిలో ఒకరు ఏడుస్తుంటే ఒకరు బ్యాగు మర్చిపోతారు. అందుకే ఏడుపులు, దండాలు, ఫోటోలు అన్నీ ఊళ్ళోనే కానిచ్చేయమన్నాం, అల్లుడు ఒక్కడే వచ్చాడు. బయల్దేరే గేటు దగ్గరే వీల్‌చైర్ సహాయం అడిగాడు. కుర్చీలు రెండూ వచ్చాయి.

షంషాబాద్‌లో నాకు నచ్చేది, దేశంలో తిరిగే విమానాలు, విదేశీ విమానాలు ఒకే కప్పు కింద ఉండటం. ముంబైలో టెర్మినల్ ఒకటి నుంచి రెండుకి మారాలంటే రోడ్డు మీద కిలోమీటర్లు పోవాలి. తెలుగు బోర్డులు ఉండటం కూడా చిన్న విషయం కాదు, పెద్దమ్మ చదువుకుంటూ వెళ్ళింది, ఆయనకి చెప్తూ వెళ్ళింది. అయితే ఏడాదికి 1.2 కోట్ల మందికి కట్టిన టెర్మినల్‌ని 3.4 కోట్లకి పెంచాక రెండు వైపులా కొత్త రెక్కలు వచ్చాయి, రెక్క చివర గేటు పడితే నడక గట్టిగానే ఉంటుంది. ఇది ఒక్క హైదరాబాద్ సంగతి కాదు, ఎయిర్‌పోర్ట్ ఎంత గొప్పదైతే నడక అంత ఎక్కువ.

డిజియాత్ర ముఖం చూపించి వెళ్ళే పద్ధతి దేశం లోపలి ప్రయాణాలకే, వీళ్ళకి పనికిరాదు. విదేశాలకి వెళ్ళేవాళ్ళ కోసం ఇమిగ్రేషన్ వేగంగా అయ్యే ఎఫ్‌టీఐ-టీటీపీ అనే పథకం 2025 జనవరి నుంచి హైదరాబాద్‌లో ఉంది, ముందే దరఖాస్తు చేసి వేలిముద్రలు, ముఖం నమోదు చేయించుకోవాలి. తరచూ తిరిగేవాళ్ళకి మంచిది. వీళ్ళకి చేయించలేదు, ఎందుకంటే ఆయన వేలిముద్రలు రేషన్ షాపులోనే పడవు. నలభై ఏళ్ళు మట్టి పిసికిన వేళ్ళు, గీతలు అరిగిపోయాయి. ఇలాంటివాళ్ళకి వెళ్ళే ముందు వారం రోజులు రాత్రిళ్ళు చేతులకి కొబ్బరినూనె రాయమని చెప్తాం, కొంత పనిచేస్తుంది.

మధ్యలో దిగిన చోట

ఈ ఎయిర్‌పోర్ట్ పేరు రాయను. తళతళలాడే చోటు, ఫోటోల్లో చూస్తే ఎవరైనా మురిసిపోతారు. ఇబ్బందంతా ఇక్కడే జరిగింది.

విమానం దిగగానే కుర్చీలు వచ్చాయి, బాగానే తీసుకెళ్ళారు. వీల్‌చైర్ ప్రయాణికులందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి, బోర్డింగ్ పాసులు తీసుకుని, టైం అయ్యాక వస్తాం అని తోసేవాళ్ళు వెళ్ళిపోయారు. బస్టాండులో సామాన్ల గదిలో సంచులు పెట్టినట్టు పెట్టారు మనుషుల్ని. పెద్దాయనని గోడ వైపు ముఖం పెట్టి ఆపారు. మామూలు మనిషి అయితే తల తిప్పి చూసుకుంటాడు. ఈయనకి ఎదురుగా గోడ తప్ప ఇంకేమీ లేదు, పెద్దమ్మ ఎక్కడుందో తెలియదు, పిలిస్తే ఆమె ఆ హాలు చివర ఉంది. ఆమెకి టాయిలెట్‌కి పోవాలి. అది హాలు బయట, ఎంత దూరమో తెలియదు, లేచి పోతే ఈలోపు పిలుస్తారేమోనని భయం. షుగర్ మనిషి, బిగపట్టుకుని కూర్చుంది.

మేం ఇచ్చిన కార్డు పనికొచ్చింది ఇక్కడే. మెడలో వేసుకునేలా రెండు కార్డులు ఇచ్చాం, పెద్ద అక్షరాలతో ఇంగ్లిష్, హిందీ. ఆయన కార్డు మీద: నా మెడ తిరగదు, ముందుకు వచ్చి మాట్లాడండి, నా భార్య పక్కనే నన్ను ఉంచండి. ఆమె కార్డు మీద: షుగర్ ఉంది, గంటకోసారి టాయిలెట్, ఈ విమానం నంబర్. గల్ఫ్ ఎయిర్‌పోర్టుల్లో కుర్చీలు తోసే పిల్లల్లో నేపాల్, కేరళ, బంగ్లాదేశ్ వాళ్ళు చాలా మంది, హిందీ వస్తుంది. ఇంకొకరిని దింపడానికి వచ్చిన ఒక కుర్రాడికి పెద్దమ్మ కార్డు చూపించింది, అతను చదివి, ఆమెను తీసుకెళ్ళి తెచ్చి, పెద్దాయన కుర్చీని ఇటు తిప్పి ఆమె పక్కన పెట్టి పోయాడు. కుర్చీ తిప్పడానికి ఎంత సేపు? ఆ హాలు కట్టడానికి ఎన్ని కోట్లయ్యాయో.

ఇంతకన్నా పెద్ద చిక్కు తర్వాత వచ్చింది. గేటు మారింది. ఇప్పుడు చాలా ఎయిర్‌పోర్టులు సైలెంట్ అంటున్నాయి, మైకులో అనౌన్స్‌మెంట్లు ఉండవు, అందరూ తెరలు చూసుకోవాలి. లాప్‌టాప్ పెట్టుకున్న ఆఫీసు మనిషికి ఇది వరం. ఇంగ్లిష్ చదవలేని, తల ఎత్తలేని మనిషికి ఉన్న ఒక్క దారి కూడా మూసేసినట్టు. కొడుకు ఇర్వింగ్ నుంచి ఫోన్లో విమానం వివరాలు చూస్తూ గేటు మారిన సంగతి కనిపెట్టాడు, చెప్దామంటే వీళ్ళ ఫోన్ కలవదు, అక్కడి ఉచిత వైఫై కావాలంటే ఓటీపీ రావాలి, ఓటీపీ రావాలంటే రోమింగ్ ఉండాలి. రోమింగ్ ప్యాక్ వేయించాం కాబట్టి సరిపోయింది, లేకపోతే ఉచిత వైఫై బోర్డు కింద కూర్చుని కూడా ఏమీ లాభం లేదు. ఆమె ఫోన్ ఎత్తి, అక్కడే ఉన్న ఖమ్మం వాళ్ళకి ఇచ్చింది, వాళ్ళూ డల్లాసే. అమెరికా విమానం గేటు దగ్గర తెలుగువాళ్ళు లేకుండా ఉండరు, ఇది నేను ప్రతి జంటకీ చెప్పే ధైర్యం. తోసేవాళ్ళు కొత్త గేటుకి టైంకే తీసుకెళ్ళారు, అది నిజం. తెలియకుండా కూర్చున్న టెన్షన్ మాత్రం ఎవరూ తీసేయలేరు.

పైన బోర్డు చూడలేనివాళ్ళకి నేల మీద నిలబడ్డ గుర్తు చాలా సాయం. దోహాలో హమద్ ఎయిర్‌పోర్ట్ మధ్యలో ఏడు మీటర్ల పసుపు ఎలుగుబంటి బొమ్మ ఉంది, తల మీద దీపంతో. దాన్ని కళాఖండం అంటారు, నా లెక్కలో అది ప్రపంచంలోకెల్లా మంచి బోర్డు. ఏ భాషా రానివాళ్ళకి "బొమ్మ కాడ ఉండు" అంటే అర్థమవుతుంది. ఇంగ్లండ్‌లో గ్యాట్విక్ ఎయిర్‌పోర్ట్ 2016లో పొద్దుతిరుగుడు పువ్వు ఉన్న మెడతాడు పద్ధతి మొదలుపెట్టింది, బయటికి కనపడని ఇబ్బంది ఉన్నవాళ్ళు అది వేసుకుంటే సిబ్బంది కాస్త నిదానంగా, దగ్గరకొచ్చి మాట్లాడతారు. మా కార్డు ఆలోచన అక్కడిదే, పువ్వు బదులు హిందీ పెట్టాం.

తిండి గురించి ఒక మాట. డాలర్లను రూపాయల్లోకి లెక్కేసుకునే పెద్దవాళ్ళు ఎయిర్‌పోర్టులో ఏమీ కొనరు, పస్తుంటారు. షుగర్ మాత్ర వేసుకుని పస్తుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి ధర కూడా ఆరోగ్యం సంగతే. 2024 డిసెంబర్‌లో కోల్‌కతాలో, తర్వాత చెన్నైలో పది రూపాయలకి టీ ఇచ్చే ఉడాన్ యాత్రీ కేఫ్‌లు పెట్టారు, అది నాకు చాలా పెద్ద సౌకర్యంగా కనిపిస్తుంది. వీళ్ళకి సర్వపిండి, మురుకులు కట్టించాం, డల్లాస్‌లో దిగేలోపు అయిపోవాలని చెప్పి.

డల్లాస్, ఆ తర్వాత

ఇమిగ్రేషన్‌లో వీల్‌చైర్ వాళ్ళకి వరుస వేరు, తొందరగానే అయింది. కెమెరా దగ్గర తల ఎత్తమన్నారు, కార్డు చూపించాడు, ఆఫీసరే కెమెరా వంచాడట. వేలిముద్రలు రెండోసారికి పడ్డాయి. అమెరికాలో దిగిన మొదటి చోటే బ్యాగులు తీసుకోవాలి, బెల్టు దగ్గర కుర్చీ తోసే ఆవిడే బ్యాగులు దించింది. ఎర్ర రిబ్బన్లు కట్టించాం కాబట్టి దూరం నుంచే గుర్తుపట్టారు.

పెద్దాయన ఫిర్యాదు మాత్రం నేను అనుకోనిది, టాయిలెట్‌లో కుర్చీ ఎత్తు. గల్ఫ్‌లో నీళ్ళ పైపు ఉంది కానీ కమోడ్ మరీ కిందికి ఉంది, లేవడానికి పట్టుకునే రాడ్ లేదు. అమెరికాలో రాడ్ ఉంది, ఎత్తూ సరిపోయింది, నీళ్ళు లేవు. "రెండూ ఒక్కకాడ పెట్టరా బిడ్డా?" అని వాట్సాప్‌లో వాయిస్ పెట్టాడు. ఇలాగే గేటు దగ్గర కుర్చీలు: చేతులు పెట్టుకునే కమ్మీ రెండు వైపులా ఉంటేనే ముసలివాళ్ళు లేవగలరు, కొత్త డిజైన్ సోఫాల్లో అవి ఉండవు, మెత్తగా లోపలికి దిగిపోతారు, ఇద్దరు పట్టి లేపాలి. మెరిసే గ్రానైట్ నేల కూడా అంతే, శుక్లాలున్న కళ్ళకి తడి నేలలా కనపడుతుంది, అడుగు వేయడానికి జంకుతారు.

ఈ కేసు తర్వాత మా ఫారంలో ప్రశ్నలు మారాయి. మెడ ఎత్తగలరా, కింద కూర్చుని లేవగలరా, ఎంతసేపటికోసారి టాయిలెట్‌కి పోవాలి, ఏ చెవి బాగా వినిపిస్తుంది, రేషన్ షాపులో వేలిముద్ర పడుతుందా. పిల్లలు అమెరికా నుంచి ఫోన్లో ఇవన్నీ వింటే నవ్వుతారు, మా నాన్న బాగానే ఉన్నాడన్నా అంటారు, నాన్నని చూసి మూడేళ్ళయి ఉంటుంది. అందుకే ఇప్పుడు పెద్దవాళ్ళని ఒక్కసారైనా ఆఫీసుకి రమ్మంటున్నాం, రాలేకపోతే ఊళ్ళోకి మేమే పోతున్నాం. కార్డులో ఒక లైను చేర్చాం: కుర్చీని గోడ వైపు తిప్పి ఆపవద్దు. తిరుగు ప్రయాణంలో అదే ఎయిర్‌పోర్ట్, అదే హాలు. ఈసారి ఇద్దరినీ పక్కపక్కనే, తలుపు వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టారు, టాయిలెట్ మాత్రం అంతే దూరం.